వాడిన నూనెకు ఒక సంఘం



పండగకు గారెలు, అరిసెలు వండాక బాణలిలో పావు లీటరో అర లీటరో నూనె మిగులుతుంది గదా. నల్లబడి, జిగురు పట్టి, మళ్ళీ పొయ్యిమీద పెడితే నురుగు పొంగే నూనె. దాన్ని ఏం చేస్తున్నాం మనం? కొందరు నాలుగు రోజులపాటు తాలింపులకు వాడతారు. కొందరు సింకులో పోసి వేణ్ణీళ్ళు వదులుతారు. కొందరు పనిమనిషికి ఇచ్చి, పారేయకుండా ఒకరికి ఉపయోగపడేట్టు చేశామని తృప్తి పడతారు. తాలింపులో వేస్తే ఇంటిల్లిపాదికీ చేటు. సింకులో పోస్తే గొట్టంలో పేరుకుని, నాలుగు రోజుల్లో ప్లంబరును పిలిపిస్తుంది. పనిమనిషికి ఇస్తే, మన పిల్లలు తినకూడదనుకున్నది ఆవిడ పిల్లలు తినవచ్చునన్నమాట. ఈ మూడోది నాకు అన్నిటికన్నా బాధగా ఉంటుంది.

నాలుగో దారి ఒకటుంది. ఆ నూనెనే మార్చి డీజిల్ బండ్లకు ఇంధనంగా వాడవచ్చు. దాని పేరు బయోడీజిల్. ఇది ఒక్కరు చేసే పని కాదు. పదిమంది కలిసి సంఘంగా ఏర్పడితేనే సాగుతుంది. ఆ సంఘాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టకూడదు అన్నదే ఇవాళ మనం చెప్పుకోబోయే విషయం.

వంటనూనెతో ఇంజను నడవడం ఏమిటని ఆశ్చర్యపోకండి. ఈ రకం ఇంజను కనిపెట్టిన జర్మనీ ఇంజనీరు పేరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరే ఇంజనుకూ వచ్చింది, అందులో పోసే నూనెకూ వచ్చింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపించారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, చూడవచ్చిన వాళ్ళలో చాలామందికి అందులో ఉన్నది వేరుశనగ నూనె అని తెలియనే లేదట. తరువాత భూమిలోంచి తీసిన డీజిల్ చవగ్గా దొరకడంతో ఇంజన్లన్నీ దానికి తగ్గట్టే తయారవుతూ వచ్చాయి.

ఇప్పుడు ఇబ్బందల్లా చిక్కదనంతోనే. వంటనూనె డీజిల్‌కన్నా సుమారు పదింతలు చిక్కన. ఇంజనులో ఇంధనం సన్నని రంధ్రాలగుండా పొగమంచులా చిమ్మాలి. చిక్కగా ఉంటే చినుకులుగా పడుతుంది. సగం కాలీ కాలక మసి పేరుకుంటుంది. అందుకని నూనెను పలచన చేయాలి. నీళ్ళు పోస్తే పలచబడే మజ్జిగ కాదు గదా, రసాయనంతోనే చేయాలి. నూనె అణువును మూడు పాయల జడ అనుకోండి. ఆ పాయల్ని పట్టి ఉంచిన ముడి గ్లిజరిన్. మెథనాల్ అనే స్పిరిట్టులో కాస్టిక్ సోడా కరిగించి, వేడి నూనెలో కలియబెడితే ఆ ముడి ఊడిపోతుంది. విడిపోయిన పాయలు ఒక్కొక్కటీ కాస్త మెథనాల్‌ను పట్టుకుని పలచని బయోడీజిల్‌గా పైకి తేలతాయి. గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. జరిగేది ఇంతే.

ఇంతవరకూ వినగానే చాలామందికి మొదట తట్టేది మిషను. ఎంతలో వస్తుంది, ఎక్కడ పెట్టాలి, బ్యాంకువాళ్ళు అప్పు ఇస్తారా అని అడుగుతారు. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. మిషను సంగతి ఆఖరున. ముందు చూడవలసింది నూనె. నెలనెలా ఎన్ని లీటర్లు వస్తుంది, ఎవరిస్తారు, ఎంతకిస్తారు? ఈ లెక్క తేలకుండా మిషను కొనడం పెళ్ళిచూపులు కాకుండానే పందిరి వేయించడంలాంటిది.

దేశమే ఒకసారి ఇలా పందిరి ముందు వేసింది. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ ఒక లెక్క వేసింది. జట్రోఫా అనే అడవి ఆముదం మొక్కను బీళ్ళలో నాటిస్తే, 2011-12 నాటికి మనం వాడే డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలుపుకోవచ్చునని చెప్పింది. మన జిల్లాల్లోనూ నాటారు. నీళ్ళు లేని నేలలో ఆ మొక్క బతికింది గానీ, అనుకున్నట్టు కాయలేదు. ఇంధనం తీయడానికి పెట్టిన కర్మాగారాలకు గింజే కరువయింది. 2009లో వచ్చిన విధానంలో ఆ 20 శాతాన్ని 2017కు జరిపారు. 2018 విధానం వచ్చేసరికి 2030 నాటికి 5 శాతం చాలునన్నారు. పెద్దపెద్ద వాళ్ళ లెక్కే అలా తప్పినప్పుడు, పదిమంది ఆడవాళ్ళం మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

మరి సరిగ్గా మొదలుపెట్టిన వాళ్ళెవరూ లేరా అంటే, ఉన్నారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అని గోండుల చిన్న గూడెం. అక్కడి ఆడవాళ్ళు పొదుపు సంఘాలుగా ఏర్పడ్డారు. వాళ్ళ అడవిలో కానుగ చెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. గింజ ఎక్కడ దొరుకుతుందో, ఏ నెలలో రాలుతుందో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ గింజల్ని ఏరి తెచ్చి, గిరిజనాభివృద్ధి సంస్థ ఇప్పించిన మిల్లులో నూనె తీశారు. పిండి పొలాలకు మంచి ఎరువు. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తోడుపడ్డారు. ఇంకా కానుగ మొక్కలు నాటి పెంచారు.

2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు వాళ్ళు ఒక అంతర్జాతీయ సమావేశం పెట్టుకున్నారు. వచ్చిన వాళ్ళ విమానాలూ కార్లూ వదిలిన పొగకు పరిహారం ఎవరికైనా చెల్లించాలనుకున్నారు. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే పదేళ్ళలో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క కట్టి, పవర్‌గూడ మహిళా సంఘాలకు 645 డాలర్లు ఇచ్చారు. అప్పటి మారకంలో ముప్పైవేల రూపాయలకు కాస్త తక్కువ. సొమ్ము పెద్దది కాదనుకోండి. కానీ ఎక్కడి వాషింగ్టన్, ఎక్కడి గూడెం! గింజ ముందు, మిల్లు తరువాత, బయటి సొమ్ము ఆ తరువాత. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

అదే జిల్లాలో ఇంకో గిరిజన గ్రామంలో, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు ఉడుపి శ్రీనివాస గారి చొరవతో కానుగ నూనెను ఏమీ మార్చకుండానే జనరేటరులో పోసి దీపాలు వెలిగించుకున్నారు. నెమ్మదిగా తిరిగే జనరేటరు అలాంటి చిక్కని నూనెను ఓర్చుకుంటుంది. మన బస్సులూ కార్లూ ఓర్చుకోవు.

కానుగ చెట్లు పట్నాల్లోనూ ఉన్నాయి గదా, మనమూ కాయలు ఏరవచ్చు గదా అంటారేమో. లీటరు నూనెకు సుమారు నాలుగు కిలోల గింజ కావాలి. కాయ వలవాలి, ఎండబెట్టాలి, మిల్లుకు మొయ్యాలి. పట్నంలో కూర్చుని అది మనవల్ల అయ్యే పని కాదు. మన పాలిట కానుగ చెట్టు వీధి చివరి కర్రీ పాయింటే.

ఇళ్ళలో మిగిలేది ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ఉదాహరణకు ఒక అపార్టుమెంటులో నలభై కాపురాలు, ఇంటికి నెలకు పావు లీటరు చొప్పున అనుకుందాం. అందరూ పద్ధతిగా పోస్తే నెలకు పది లీటర్లు. చిన్న మిషను ఒక్క వాయికి కూడా చాలదు. అందుచేత ఇళ్ళ నూనె ఒక్కదాన్నే నమ్ముకుంటే సంఘం నడవదు. హాస్టళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, మిఠాయి దుకాణాలు, టిఫిన్ హోటళ్ళు, కర్రీ పాయింట్లు, ఇవన్నీ కలవాలి. ఒక్క పెళ్ళిలో గుండిగ అడుగున మిగిలేది ఏడాదికి ఒక వాటా వాళ్ళందరి ఇళ్ళలో మిగిలేదానితో సమానం కావచ్చు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. ఆ నూనెకు ఇప్పటికే గిరాకీ ఉంది. పెద్ద వంటశాలలో పనైపోయిన నూనె టిన్నుల్లో చేతులు మారి, సాయంత్రానికి బజ్జీల బండిమీదికి చేరుతుంది. నూనెను మళ్ళీమళ్ళీ కాచినకొద్దీ అందులో పోలార్ పదార్థాలనేవి పెరుగుతాయి. అవి గుండెకూ, కాలేయానికీ మంచివి కావు. మన ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., 2018 జూలై 1 నుంచి ఈ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని నిబంధన పెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు దానికి రికార్డు రాయాలి. పాత నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్ళించడానికి అదే ఏడాది ఆగస్టు 10న రూకో అనే పథకమూ తెచ్చారు.

బజ్జీల బండి అతన్ని తిట్టుకుని లాభంలేదు. కొత్త నూనె ధర అతనికి గిట్టదు, చేతికొచ్చిన చవక నూనె కొంటాడు. ఆ నూనె అక్కడికి చేరకుండా ఉండాలంటే, అతను ఇచ్చే ధరకన్నా రూపాయి ఎక్కువిచ్చి కొనే వాళ్ళు ఒకరుండాలి. ఆ కొనేవాళ్ళే మన సంఘం. ఇంధనం చేస్తున్నామా లేదా అన్నది తరువాత, ముందు మన పిల్లలు వీధిలో కొనుక్కు తినే బజ్జీ మారుతుంది.

రూపాయి ఎక్కువ ఇవ్వగలమా లేదా అన్నది వెనకనుంచి లెక్క వేసుకోవాలి. 2019లో ప్రభుత్వ చమురు కంపెనీలు, వాడిన వంటనూనెతో చేసిన బయోడీజిల్‌ను మొదటి ఏడాది లీటరు 51 రూపాయలకు కొంటామని ప్రకటించాయి. రెండో ఏడాదికి 52 రూపాయల 70 పైసలు, మూడో ఏడాదికి 54 రూపాయల 50 పైసలు. మీరు మొదలుపెట్టేనాటి ధర కనుక్కుని, అందులోంచి మెథనాల్, కాస్టిక్ సోడా, కరెంటు, ఆటో కిరాయి, పరీక్షల ఖర్చు, ఇద్దరి జీతాలు తీసేయండి. మిగిలిందే మీరు నూనెకు ఇవ్వగలిగిన ధర. అది బండివాడి ధరకన్నా తక్కువయిందా, మిషను ఊసెత్తకండి. అలాంటప్పుడు నూనె పోగుచేసి, అనుమతి ఉన్న సేకరణదారుకు అమ్మే సంఘంగానే ఉండటం మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు. నన్నడిగితే పట్నంలో ఏ మహిళా సంఘమైనా మొదటి ఏడాది ఇలాగే నడవాలి.

సంఘం రిజిస్ట్రేషన్‌కు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వీలుగా ఉంటుంది. మాక్స్ చట్టమంటే ఆఫీసుల్లో తెలుస్తుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలు. ప్రభుత్వం వాటా అక్కర్లేదు, కాబట్టి పెత్తనమూ సభ్యులదే. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ఆడవాళ్ళు నడిపే పొదుపు సంఘాలు ఈ చట్టం కిందే నమోదై నడిచాయి.

నియమావళి రాసుకునేటప్పుడు పాల సంఘాన్ని కళ్ళముందు పెట్టుకోండి. పాలకేంద్రంలో పాలు కొలిచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసి, డబ్బు కడతారు గదా. నూనెకూ అంతే. కొలత, పరీక్ష, పుస్తకం, చెల్లింపు. ఏడాది చివర మిగులును వాటాల సొమ్మునుబట్టి కాక, ఎవరెన్ని లీటర్లు పోశారన్నదాన్నిబట్టి పంచాలని ముందే రాసుకోండి. లేకపోతే డబ్బున్నావిడ వాటాలు కొని కూర్చుంటుంది, డబ్బాలు మోసిన ఆవిడకు చెయ్యి నొప్పి మిగులుతుంది. కోశాధికారీ, పుస్తకం రాసే ఆవిడా ఒక ఇంటివాళ్ళు కాకూడదు. ఈ మాట మొహమాటపడకుండా మొదటి సమావేశంలోనే అనేయాలి. తరువాత అనలేం.

పాలకు లాక్టోమీటరు ఉన్నట్టు నూనెకు ఒక పరీక్ష ఉంది, మనకు తేలిగ్గా అర్థమయ్యేదే. నూనె ఎంత కాగితే అందులో అంత పులుపు, అంటే ఆమ్లం చేరుతుంది. అది కాస్టిక్ సోడాను మింగేస్తుంది. ఎంత మింగుతుందో ముందే తెలియాలి. ఒక మిల్లీలీటరు నూనెను కొంచెం ఐసోప్రొపైల్ స్పిరిట్టులో కలిపి, లీటరు నీళ్ళకు ఒక గ్రాము కాస్టిక్ సోడా చొప్పున కలిపిన ద్రవాన్ని చుక్కచుక్కగా వేస్తారు. రంగు మారిందని చూపించడానికి ఫినాప్తలీన్ అనే మందు వాడతారు. అది లేకపోతే పసుపు కలిపిన స్పిరిట్టయినా పనిచేస్తుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, కిటుకు అదే. కొత్త నూనెకు లీటరుకు మూడున్నర గ్రాముల సోడా కావాలి. పరీక్షలో రెండు మిల్లీలీటర్లు పడితే మూడున్నరకు రెండు కలిపి అయిదున్నర గ్రాములు. మరీ ఎక్కువ పడితే ఆ నూనె ధర తగ్గించాలి, లేదా తీసుకోకూడదు. నూనెలో తడి ఉన్నా సోడా ఎక్కువైనా, ఇంధనం బదులు సబ్బు తయారై కూర్చుంటుంది.

తయారీ ఇలా ఉంటుంది. వడగట్టి, తడి పోయేదాకా కాచిన నూనె 100 లీటర్లు. దానికి మెథనాల్ 20 లీటర్లు, పరీక్షలో తేలినంత సోడా. 55 నుంచి 60 డిగ్రీల వేడిలో మూతపెట్టిన పాత్రలో కలియబెట్టాలి. 65 దగ్గరికి పోతే మెథనాల్ మరిగి ఆవిరైపోతుంది. తరువాత ఒక రాత్రి కదపకుండా ఉంచితే గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. దాన్ని తీసేసి, పైనున్నదాన్ని నీళ్ళతో కడిగి, ఆరబెట్టాలి. అయిందో లేదో చూడటానికి మూడు మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో వేస్తారు. పూర్తిగా కలిసిపోతే అయినట్టు. అడుగున నూనె కనబడితే ఇంకా కాలేదు. అమ్మకానికి మాత్రం ఐ.ఎస్. 15607 ప్రమాణం ప్రకారం ప్రయోగశాల పరీక్ష జరగాలి. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా బయోడీజిల్ పంపు పెట్టి అమ్మడం నేరం.

ఇంత వివరంగా చెబుతున్నది ఇంట్లో చేసి చూడమని కాదు, అమ్మా! గట్టిగా చెబుతున్నాను, వంటింట్లో ఈ పని వద్దు. మెథనాల్ విషం. కల్తీసారా తాగి కళ్ళు పోయాయనీ, ప్రాణాలు పోయాయనీ పేపర్లో చదువుతుంటామే, అందులో ఎక్కువసార్లు ఉండేది ఇదే. దాని ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి పోతుంది. అంటుకుంటే మంట పగటి వెలుతుర్లో కంటికి కనబడదు. కొనడానికీ, నిలవ ఉంచడానికీ లైసెన్సు కావాలి. కాస్టిక్ సోడా కంట్లో పడితే చూపు పోతుంది. ఇళ్ళమధ్య కాకుండా గాలి ఆడే షెడ్డు, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, రసాయనం చదివిన మనిషి ఒకరు, ఈ నాలుగూ లేనిదే మిషను పెట్టకూడదు. అడుగున దిగిన గ్లిజరిన్‌లోనూ మెథనాల్ ఉంటుంది. దాంతో ఇంట్లోనే సబ్బులు చేసేసుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కడిగిన నీళ్ళను కాలవలోకి వదలకూడదు. అదెక్కడికి పోతుందో కూడా ముందే తేల్చుకోవాలి.

తయారైన ఇంధనాన్ని డీజిల్‌లో కొంత పాలు కలిపి వాడటమే మామూలు. పాత బండ్ల ట్యాంకుల్లో ఏళ్ళతరబడి పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కదిలిస్తుంది కనుక మొదట్లో ఫిల్టరు ఒకటి రెండుసార్లు మార్చవలసి వస్తుంది. పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కొనేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే బండి ఆగిన రోజున సంఘం పేరు పోతుంది.

కాబట్టి మీ కాలనీలో పదిమంది ముందుకొస్తే, మొదటి మూడు నెలలూ రూపాయి ఖర్చుపెట్టకండి. ఒక నోటుబుక్కు, మూత బిగుతుగా పట్టే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు చాలు. పుస్తకంలో మూడు గళ్ళు గీయండి. ఎవరు, ఎన్ని లీటర్లు, ఏ తారీకు. మీ వీధిలోని హోటళ్ళకూ హాస్టళ్ళకూ ఇద్దరిద్దరు వెళ్ళి, వాళ్ళకు వారానికి ఎంత మిగులుతుందో, ఇప్పుడు ఎవరికి, ఎంతకు ఇస్తున్నారో అడిగి అదీ రాయండి. ఒకరు చెప్పిందే రాయకుండా, మూడు వారాలపాటు మీ కళ్ళతో కొలిచి రాయండి. చెప్పేదానికీ కొలిచేదానికీ తేడా ఉంటుంది. పోగయిన నూనెను ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనుమతి ఉన్న సేకరణదారుకు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంట్లో పోగుచేసేటప్పుడు నూనె చల్లారాక పాత నూలుగుడ్డలో వడగట్టి, తడి లేని డబ్బాలో పోయండి. పూరీలు వేపిందైనా, చేపలు వేపిందైనా, డాల్డా అయినా ఒకే డబ్బాలో కలపవచ్చు. చలికాలంలో పామాయిలు గడ్డకడుతుంది, అదేమీ తప్పు కాదు. పులుసుమీద తేలిన నూనె మాత్రం వద్దు, అందులో నీళ్ళుంటాయి. ఊరగాయ నూనె వద్దు, అందులో ఉప్పుంటుంది. డబ్బామీద "వంటకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి, పొయ్యికి దూరంగా, పిల్లల చేతికి అందని చోట పెట్టండి. ఆ మాట పనిమనిషికి కూడా చెప్పి ఉంచండి.